జహీరాబాదు వాన ఎక్కడికి పోతున్నది?

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడిన నాడు జహీరాబాదు చుట్టుపట్ల ఎఱ్ఱ చెలకల మీద వాననీరు జేగురు రంగున పారుతుంది. వాన వెలిసిన కొంతసేపటికి చూస్తే ఆ నీరు అక్కడ ఉండదు. కొంత నేలలోనికి ఇంకిపోయినది. కొంత ఒర్రెల వెంట జారి వాగులో కలిసినది. కొంత ఎండ తగలగానే ఆవిరియై పైకి లేచినది. ఈ మూడు దారులలో ఏ దారిని ఎంత నీరు పోయినదో మనలో ఎవరము లెక్క చూచుకోము. గాదెలో జొన్నలు ఎన్నాళ్ళకు సరిపోతవో ఇల్లాలికి తెలుసు. షావుకారు పద్దు ఎంత పెరిగినదో ఇంటి పెద్దకు తెలుసు. కాని ఆ జొన్నలను పండించిన నీటికి మాత్రము మన ఇండ్లలో పద్దు లేదు. ఈ ప్రసంగములో ఆ పద్దును కొంతవరకైనా వ్రాసి చూడవలెనని మా ఉద్దేశము.

ఈ లెక్క తక్కిన ఊళ్ళకంటె జహీరాబాదుకు ఎక్కువ అవసరము. ఎందుకంటే అది ఎత్తు మీది ఊరు. హైదరాబాదు నుండి పడమరగా బొంబాయి దారిన సుమారు వంద కిలోమీటర్లు పోతే, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడిన పీఠభూమి మీద ఈ పట్టణము ఉన్నది. 1956 వరకు ఇది బీదరు జిల్లాలోని తాలూకా. రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాకు వచ్చినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా నేల వాలు మారలేదు. కోనసీమలో రైతు పొలానికి వచ్చే నీరు ఎక్కడో మహారాష్ట్రములోనో, ఛత్తీస్‌గఢ్ అడవులలోనో కురిసినది కావచ్చును. జహీరాబాదుకు అటువంటి భాగ్యము లేదు. ఏ మహానదీ ఈ ఎత్తునకు ఎక్కి రాదు. వాగులు ఇక్కడ పుడుతవి, ఇక్కడి నుండి పోతవి. తన నెత్తిన కురిసిన వానయే ఈ ప్రాంతానికి ప్రకృతి ఇచ్చే ఆదాయము, మరొకటి లేదు.

ఆ ఆదాయము ఎక్కడి నుండి వస్తున్నదో మొదట చూద్దాము. భూగోళము మీద ఉన్న నీరు మొత్తము సుమారు 138 కోట్ల ఘన కిలోమీటర్లని శాస్త్రజ్ఞుల అంచనా. అందులో నూటికి 97 పాళ్ళకు పైగా ఉప్పునీరు. మిగిలిన మంచినీటిలో మూడింట రెండు పాళ్ళు మంచుగడ్డలుగా ధ్రువప్రాంతములలోను, పర్వతముల మీదను ఉన్నది. తక్కినదానిలో అధికభాగము భూగర్భములో ఉన్నది. మన కంటికి కనిపించే నదులు, చెరువులు, సరస్సులలోని నీరంతా కలిపినా మంచినీటిలో నూటికి ఒక పాలు కాదు. ఆ కొద్దిపాటి నీటితోనే ఇన్ని నాగరికతలు వర్ధిల్లినవి. అది తరిగిపోకుండుటకు కారణము, అది నిలువ సొమ్ము కాక తిరుగుచుండే సొమ్ము కావడమే.

ఈ తిరుగుడును జలచక్రమంటారు. దానిని నడిపించేది సూర్యుని వేడి. వేసవిలో రంజనులోని నీరు చల్లబడడము మనకందరకు అనుభవమే. రంజను గోడల సన్నని రంధ్రముల నుండి ఊరిన చెమ్మ ఆవిరి అవుతూ, లోపలి నీటి వేడిని తనతో తీసికొని పోతుంది. సముద్రము మీద జరిగేదీ అదే. నీరు సూర్యుని వేడిని పుచ్చుకొని ఆవిరియై లేస్తుంది. ఉప్పు అడుగుననే ఉండిపోతుంది. ఆ ఆవిరి పైకి పోయి చల్లబడి మేఘముగా మారినప్పుడు, తాను దాచుకొన్న వేడిని గాలికి తిరిగి ఇస్తుంది. ఆ దాచుకొన్న వేడికి గుప్తోష్ణమని పేరు. గుప్తోష్ణము విడుదల అయినకొద్దీ గాలి తేలికపడి ఇంకా పైకి లేస్తుంది, మేఘము బలుస్తుంది, వాన కురుస్తుంది. లేచిన ఆవిరి గాలిలో సగటున తొమ్మిది పది రోజులకు మించి నిలువదు. అంత తొందరగా తిరిగే చక్రము ఇది.

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనములు అరేబియా సముద్రము నుండి ఈ తేమను మోసికొని వస్తవి. పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చాలభాగము అక్కడనే దించివేస్తవి. మిగిలిన తేమయు, బంగాళాఖాతములో వాయుగుండములు ఏర్పడినప్పుడు తూర్పు నుండి వచ్చే తేమయు మన దక్కనుకు దక్కుతుంది. జహీరాబాదు ప్రాంతానికి ఏడాదికి సగటున 800 నుండి 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దానిలో అధికభాగము ఆ నాలుగు నెలలలోనే.

సూర్యుడు నీటిని గ్రహించేది వేయింతలుగా తిరిగి ఇచ్చుటకేనని కాళిదాసు రఘువంశములో రాజు పన్నుకు ఉపమానము చెప్పినాడు. కావ్యములో ఆ మాట ఎంతో అందముగా ఉన్నది. అయితే పద్దు వ్రాసేవాడు ఒక సవరణ చేయవలసి ఉంటుంది. ప్రకృతి వేయింతలు ఇవ్వదు, తీసికొన్నంతే ఇస్తుంది. భూగోళము మొత్తము మీద ఏడాదిలో ఎంత నీరు ఆవిరి అవుతుందో అంతే కురుస్తుంది. ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ కావచ్చును గాని, కూడికలో తేడా రాదు.

ఈ కూడికను మనిషి తెలిసికొని ఎన్నో శతాబ్దములు కాలేదు. సముద్రపు నీరే భూమి లోపలి దారుల వెంట పైకి వచ్చి ఊటలుగా, నదులుగా బయటపడుతుందని ఐరోపాలో పండితులు చాలకాలము నమ్మినారు. ఇంత పెద్ద నదులకు వాన ఒక్కటే చాలదని వారి సందేహము. 1674లో పియెర్ పెరో అను ఫ్రెంచి దేశీయుడు సేన్ నది ఎగువభాగములో కురిసిన వానను లెక్కకట్టి, నదిలో పారిన నీటితో పోల్చి చూచినాడు. నదిలో పారినది కురిసినదానిలో ఆరవ పాలు మాత్రమే అని తేలినది. వాన చాలదన్న సందేహము ఆ ఒక్క లెక్కతో తీరినది. అటువంటి లెక్కనే మనము జహీరాబాదులో ఒక ఎకరము నేలకు వేసి చూడవచ్చును.

ఒక ఎకరము మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు. ఏడాదికి 850 మిల్లీమీటర్లు అనుకొంటే, ఎకరానికి 34 లక్షల లీటర్లు. ఇది మన జమ. ఇక ఖర్చు ఏ దారులను పోతున్నదో చూద్దాము.

మొదటి దారి వాగు దారి. జహీరాబాదు పక్కన పారే నారింజ వాగు, కోహీరు దగ్గర పుట్టే కారంజా నది సముద్రమున్న తూర్పు దిక్కుకు పోవు. పడమటికి తిరిగి కర్ణాటకములోని బీదరు జిల్లాలో ప్రవేశిస్తవి. ఆ నీరు అక్కడ మంజీరకు చేరుతుంది. మంజీర మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టి, ఆగ్నేయముగా బీదరు జిల్లా దాటి, న్యాలకల్ అంచులను ఒరసికొని మరల మన జిల్లాకే వస్తుంది. సింగూరు జలాశయమును నింపుతుంది. అక్కడి నుండి ఉత్తరానికి మళ్ళి, 1931లో పూర్తియైన నిజాంసాగరము గుండా పోయి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. జహీరాబాదు చెలక మీద పడి, అక్కడనే ఆగని చినుకు ఇంత చుట్టు తిరిగి సముద్రానికి పోతున్నది.

ఈ చుట్టుప్రయాణములో ఒక విచిత్రమున్నది. 1960 దశకము నుండి హైదరాబాదు నగరము మంజీర నీరు త్రాగినది. ఈనాడు సింగూరు నీరు గొట్టముల ద్వారా పైకి వచ్చి జహీరాబాదు ఇండ్లకు త్రాగునీరవుతున్నది. సింగూరు నీటిని ఈ ఎత్తు పొలములకు కూడ తేవలెనని ఉద్దేశించిన సంగమేశ్వర ఎత్తిపోతల పథకానికి 2022లో శంకుస్థాపన జరిగినది. ఇవి అవసరము లేదని మేము అనడము లేదు. త్రాగునీటికి అల్లాడిన ఊళ్ళకు గొట్టపు నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. కాని ఆలోచించండి: సూర్యుడు కూలి పుచ్చుకోకుండ ఈ ఎత్తునకు మోసికొని వచ్చి పోసిన నీటిని మనము క్రిందికి జారవిడిచి, అదే నీటిని మరల కరెంటు ఖర్చుతో పైకి ఎత్తుకొంటున్నాము.

రెండవ దారి నేల లోపలికి పోయే దారి. ఇక్కడి రాయి చెప్పే కథ వినదగినది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట దక్కను మీద లావా పొరలు పొరలుగా పరచుకొని నల్లరాయి ఏర్పడినది. ఎండకు వానకు యుగముల తరబడి ఆ నల్లరాయి పైభాగము మార్పు చెంది ఎఱ్ఱరాయి అయినది. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ ఈ జాతి రాతిని కేరళములో చూచి, ఇటుక అనే అర్థమున్న లాటిన్ మాటతో లాటరైటు అని పేరు పెట్టినాడు. జహీరాబాదు, బీదరు ప్రాంతములలో ఈ రాతిని దిమ్మలుగా కోసి ఇండ్లు కట్టుకొంటారు. ఆ దిమ్మను చేతిలోనికి తీసికొని చూస్తే తేనెపట్టు వలె రంధ్రములు కనిపిస్తవి. వాన పడితే నీరు ఆ రంధ్రముల గుండా దిగిపోతుంది. దాని అడుగున సుద్దవంటి జిగటమన్ను, ఆ క్రింద గట్టి నల్లరాయి. అక్కడికి వచ్చేసరికి నీరు నిలువుగా దిగలేదు. అడ్డముగా నడిచి, గుట్ట అంచున దారి దొరికినచోట ఊటగా బయటపడుతుంది.

జహీరాబాదు దగ్గరి ఝరాసంగము పేరులోనే ఝర ఉన్నది. అక్కడి కేతకీ సంగమేశ్వరాలయములోని గుండము భక్తులకు పవిత్రతీర్థము. సుమారు ముప్పై కిలోమీటర్ల దూరములోని బీదరులో నరసింహ ఝరణి గుహలో భక్తులు రొమ్ములోతు నీటిలో నడిచి దేవుని దర్శిస్తారు. ఎఱ్ఱరాయి వాననీటిని దాచి, మెల్లమెల్లగా విడిచే తీరు ఇక్కడ కంటికి కనిపిస్తుంది. 15వ శతాబ్దములో బహమనీ సుల్తానుల కాలపువారు ఈ గుణమును కనిపెట్టి, బీదరు పక్కన నౌబాదు వద్ద ఎఱ్ఱరాతిలో రెండు కిలోమీటర్లకు పైగా సొరంగము తొలిచినారు. కొంతకొంత దూరానికి నిలువు బావులు దించినారు. రాతిలో ఊరిన నీరు సొరంగపు వాలు వెంట తనంత తానే నడిచి వచ్చేది. ఏతాము లేదు, మోట లేదు. పారశీక దేశపు ఈ పద్ధతికి కరేజు అని పేరు. దానిలో ఒక నియమము ఇమిడి ఉన్నది: ఎంత ఊరితే అంతే వస్తుంది. ఊరినదానికంటె ఎక్కువ తీయుట దాని వలన కాదు.

మూడవ దారి ఆకుల దారి. మన దక్కనులో కురిసిన వానలో సగానికి పైగా నేల నుండి, చెట్ల నుండి ఆవిరియై పైకే పోతుంది. వేళ్ళు పీల్చిన నీరు ఆకుల రంధ్రముల గుండా ఆవిరిగా వెలువడడమును బాష్పోత్సేకమంటారు. ఇది వృథా కాదు. పైరు పెరగడమంటేనే ఇది. ఈ దారిని పోయే నీటితో ఎంత పంట తీయగలిగినామన్నదే వ్యవసాయములోని నేర్పు.

ఆ నేర్పు జహీరాబాదు రేగడి నేలల రైతులకు తెలిసినంతగా తక్కువమందికి తెలుసు. లోతైన రేగడి ఒక మీటరు మందములో 150 నుండి 200 మిల్లీమీటర్ల వరకు పైరుకు అందే తేమను పట్టుకొని ఉంచగలదు. వానకాలములో ఆ నేలను నానబెట్టుకొని, యాసంగిలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె విత్తుతారు. తరువాత వాన లేదు, బావి లేదు, కాలువ లేదు. అయినా పంట వస్తుంది. వీటిని ఇక్కడ సత్యం పంటలంటారు. మంచుకు పండే పంటలని కూడ చెప్పుకొంటారు. ఆకాశము నిర్మలముగా ఉన్న చలికాలపు రాత్రి ఆకు గాలికంటె ఎక్కువ చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద బిందువులై నిలుస్తుంది. ఒక రాత్రి కురిసిన మంచు మిల్లీమీటరులో అయిదవ వంతు ఉన్నా, అది ఎకరానికి ఎనిమిది వందల లీటర్లు. పైరు ముఖ్యముగా బ్రతికేది రేగడి దాచిన తేమ మీదనే. మంచు తడి ఆరేవరకు ఆకు తన సొంత నీటిని ఖర్చు పెట్టనక్కరలేదు. ఆ మేరకు నేలలోని తేమ మిగులుతుంది. జలచక్రములో ఇంత చిన్న పాయను కూడ విడువక వాడుకొన్నవారు ఈ పల్లెల రైతులు.

1983లో ప్రారంభమై, పస్తాపూరు కేంద్రముగా పనిచేసిన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు ఈ చిరుధాన్యములను, ఈ విత్తనములను ఇంటింట నిలుపుకొన్నవి. వీరిలో అధికులు చిన్నకమతముల దళిత స్త్రీలు. 2008లో మాచునూరులో వారు తమ సంఘం రేడియోను ప్రారంభించి తమ మాటలలోనే వానలను, విత్తనములను గురించి చెప్పుకొన్నారు. రేడియో ఎదుట కూర్చుని వినే పల్లె, రేడియోలో తానే మాటాడినది. ఇది మాకు గర్వకారణము.

ఇప్పుడు పద్దులో చిక్కైన పేజీకి వస్తున్నాము. జమ ఎకరానికి 34 లక్షల లీటర్లని అనుకొన్నాము. అందులో భూగర్భజలముగా చేరేది మన గట్టిరాతి నేలలలో పదవ పాలుగా లెక్కించవచ్చును. కొన్నిచోట్ల అంతకూడ ఉండదు. అంటే మూడు లక్షల నలుబది వేల లీటర్లు. మిల్లీమీటర్లలో చెప్పితే 85. జొన్నపైరుకు మొత్తము మీద కావలసిన నీరు 450 నుండి 650 మిల్లీమీటర్లు. దానిని వాన తీర్చగలదు. చెరకుకు 1500 నుండి 2500 మిల్లీమీటర్లు కావలెను. తక్కువలో తక్కువ 1500 అనుకొని, కురిసిన 850 మిల్లీమీటర్లలో ఒక్క చుక్క పోకుండ చెరకే త్రాగినదని అనుకొన్నా, ఇంకా 650 మిల్లీమీటర్లు బోరు నుండి రావలెను. ఎకరానికి 85 చొప్పున ఇంకే నేలలో 650 తీయవలెనంటే ఏడెనిమిది ఎకరముల ఊటను ఒక ఎకరము చెరకు త్రాగుతున్నదన్నమాట. ఇది స్థూలమైన లెక్క. పారిన నీటిలో కొంత మరల ఇంకవచ్చును. బిందుసేద్యముతో కొంత ఆదా కావచ్చును. అయినా లెక్క మొగ్గు ఎటువైపో తెలుస్తూనే ఉన్నది.

చెరకు రైతును తప్పుపట్టుట మా అభిప్రాయము కాదు. ఫ్యాక్టరీ ఉన్నది, గిరాకీ ఉన్నది, చేతికి ఒకేసారి డబ్బు వస్తుంది. ఇంట పెండ్లి, పిల్లల చదువు ఉన్నవి. సామ పండించుకొమ్మని రైతుకు నీతి చెప్పి, సామకు గిట్టుబాటు ధర ఇవ్వకపోతే ఆ నీతికి విలువ లేదు. మేము చెప్పేది ఒక్కటే. బోరు వేయడము పెట్టె తాళము తీయడమే గాని, పెట్టెలో డబ్బు వేయడము కాదు. రెండు వందల అడుగులు పోయి అయిదు వందల అడుగులకు దించినప్పుడు కొత్త నీరు పుట్టలేదు. ఏనాటి వానలో ఇంకి దాగిన నీటినో ఈనాడు పైకి తెచ్చినాము. రాతి పగుళ్ళ వెంట నా బోరు అడుగున ఉన్న నీరే పక్కవాని బావి అడుగున ఉన్న నీరు. ఒకరు లోతుకు పోతే మరొకరి బావి ఎండుతుంది. గెట్టు నేల మీద ఉన్నది గాని నీటిలో లేదు.

దీనికి తోడు ఆకాశము నడక కూడ మారుతున్నది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ తేమను పట్టగలదు. భూగోళము వేడెక్కుతున్న ఈ కాలములో వాన ఒకేసారి కుండపోతగా పడి, తరువాత చాలనాళ్ళు ముఖము చాటువేయడము ఎక్కువవుతున్నది. ఏడాది మొత్తము అదే 850 కావచ్చును. కాని పది రోజులు మెల్లగా పడిన వాన నేలకు చేరుతుంది. రెండు గంటలలో కుమ్మరించిన వాన వాగుకు చేరుతుంది, పోతూ పోతూ చెలక మన్నును కూడ తీసికొని పోతుంది. కాబట్టి వాన ఎంత పడినదన్నదానికంటె ఎంత ఆగినదన్నదే ఇకముందు ప్రశ్న.

ఆపుటకు మార్గములు కొత్తవి కావు. వాలుకు అడ్డముగా దున్నడము, గట్లు వేయడము, పొలములో పల్లపుమూల ఒక కుంట త్రవ్వుకోవడము, ఎండిన బావిలోనికి వాననీటిని వడగట్టి వదలడము, గుట్టల మీద చెట్టును నిలుపుకోవడము: ఇవన్నీ పరుగెత్తే నీటిని నడిపించుటకు, నడిచే నీటిని ఇంకించుటకు ఉపాయములు. వాగు దారిన పోయేదానిలో కొంత నేలదారికి మళ్ళించగలిగితే, ఏ ఎత్తిపోతల అవసరము లేకుండ ఎత్తునే నీరు నిలుస్తుంది. క్రింది ఊళ్ళకు అన్యాయము కాకుండ ఎంత ఆపవలెనో కూడ లెక్కలోనే తేలుతుంది.

చివరకు ఒక చిన్న పని సూచించి ముగిస్తాము. కౌటిల్యుడు అర్థశాస్త్రములో వానను కొలిచే పాత్రను ధాన్యపు కొట్టారము ముందు ఉంచవలెనని విధించినాడు. ఆ రెండింటిని ఒకచోట పెట్టడములో ఎంతో వివేకమున్నది. ఈ తొలకరికి మన ఇండ్లలో కూడ నిలువు గోడలున్న ఒక డబ్బాను ఆరుబయట, చెట్టుకు చూరుకు దూరముగా పెట్టవచ్చును. ప్రతి ఉదయము పిల్లల చేత స్కేలు ముంచి కొలిపించి, ఎన్ని మిల్లీమీటర్లో గోడ మీద వ్రాయించవచ్చును. ఆ అంకెను నాలుగు వేలతో హెచ్చించి, మన ఎకరములతో హెచ్చిస్తే నిన్న మన పొలము మీద ఎన్ని లీటర్లు పడినదో తెలుస్తుంది. కార్తెలు ముగిసేసరికి గోడ మీద ఒక పద్దు తయారవుతుంది. యాసంగికి ఏమి విత్తవలెనో నిర్ణయించే రోజున ఆ గోడను ఒకసారి చూచి మరీ పొలానికి పోదాము.